విశాఖలో చిన్న కొట్టు నడిపేవాళ్లకి సోషల్ మీడియా: మొదటి రోజు నుంచి ఏం చేయాలి

అక్కయ్యపాలెంలో మా వదినకి మగ్గం వర్క్, బ్లౌజుల కొట్టు ఉంది. రెండేళ్ల కిందట ఆవిడ పెట్టిన ఒక రీల్‌కి లక్షకి పైగా వ్యూస్ వచ్చాయి. ఇంట్లో అందరం సంబరపడ్డాం. తీరా చూస్తే కామెంట్ల నిండా హైదరాబాదు, కరీంనగర్, బెంగళూరు వాళ్లే. "ప్రైస్ ప్లీజ్", "కొరియర్ చేస్తారా?" అని అడిగేవాళ్లే. ఆది బ్లౌజు చేతికి రాకుండా, కొలతలు తీసుకోకుండా ఎవరికని కుడతాం? ఆ రీల్ చూసి కొట్టుకి వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. సరిగ్గా అదే వారంలో సీతమ్మధార నుంచి ఒకావిడ స్కూటీ మీద వచ్చి మూడు పట్టు బ్లౌజులు ఇచ్చి వెళ్లారు. "మా కొట్టు ఎలా తెలిసిందండీ?" అని వదిన అడిగితే, "గూగుల్ మ్యాప్‌లో ఫొటోలు చూశానండీ, వర్క్ నీట్‌గా ఉంది" అన్నారు. ఆ ఫొటోలు మేం పెట్టినవి కావు, ఎప్పుడో ఒక కస్టమర్ పెట్టినవి.

అప్పటి నుంచి వదిన కొట్టుకీ, ఆ తర్వాత తెలిసినవాళ్ల కొట్లు మరో అయిదారింటికీ ఈ పని నేనే చూసిపెడుతున్నాను. నాకు అర్థమైనది ఇదీ: మన కొట్టుదాకా రాగలిగినవాళ్లు వెయ్యిమంది చూస్తే చాలు. రాలేనివాళ్లు లక్షమంది చూసినా గల్లాపెట్టెలో రూపాయి పడదు. కింద రాసినదంతా ఆ వెయ్యిమందిని ఎలా చేరుకోవాలన్నదాని గురించే. వరస కూడా ముఖ్యమే కాబట్టి ఒకటి పూర్తయ్యాకే రెండోదానికి వెళ్లండి.

1. ముందు కాగితం, పెన్ను

ఫోన్ పక్కన పెట్టండి. గత నెలలో మీ దగ్గరికి వచ్చినవాళ్లలో గుర్తున్న ఇరవైమందిని కాగితం మీద రాయండి. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం కొన్నారు, మీ గురించి ఎలా తెలిసింది. గుర్తు లేకపోతే రేపటి నుంచి అడిగి రాసుకోండి. వారం రోజుల్లో మీ కొట్టు పరిధి ఎంతో మీకే తెలిసిపోతుంది.

ఈ పరిధి సరుకుని బట్టి మారుతుంది. ఇడ్లీ, దోశ కోసం ఎవరూ రెండు జంక్షన్లు దాటి రారు. ఎంవీపీ కాలనీలో టిఫిన్ సెంటర్ ఉంటే మీ జనం ఎంవీపీ, ఇసుకతోట, వెంకోజీపాలెం, మహా అయితే లాసన్స్ బే కాలనీ. అదే మగ్గం వర్క్ అయితే మద్దిలపాలెం, సీతమ్మధార, కంచరపాలెం నుంచి కూడా వస్తారు. పెళ్లి పట్టుచీరలైతే గాజువాక, పెందుర్తి, అనకాపల్లి వాళ్లు కూడా ద్వారకానగర్, జగదాంబ దాకా వస్తారు. రుషికొండలో హోమ్‌స్టే నడిపేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. వాళ్ల కస్టమర్లు హైదరాబాదులో, రాయ్‌పూర్‌లో, కోల్‌కతాలో ఉంటారు, కాబట్టి దూరప్రాంతాల వ్యూస్ వాళ్లకి నిజంగానే పనికొస్తాయి. మీరు ఏ కోవలోకి వస్తారో ముందు తేల్చుకోండి. మిగతా అడుగులన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

2. గూగుల్ మ్యాప్‌లో మీ కొట్టు

సోషల్ మీడియా అనగానే అందరూ ఇన్‌స్టాగ్రామ్ తెరుస్తారు. నేను మాత్రం గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తోనే, అంటే మ్యాప్‌లో మీ కొట్టు వివరాలు చూపించే పేజీతోనే మొదలుపెట్టిస్తాను. కారణం ఉంది. రీల్ చూసేవాళ్లు ఊరికే కాలక్షేపానికి చూస్తారు. మ్యాప్‌లో "బ్లౌజ్ స్టిచింగ్ నియర్ మీ" అని వెతికేవాళ్ల చేతిలో అప్పటికే చీర ఉంటుంది. ఇదంతా ఉచితం. పాతవాళ్లకి గూగుల్ మై బిజినెస్ అంటే తెలుస్తుంది, 2021లో పేరు మార్చారు.

కొత్తగా చేర్చేముందు మ్యాప్‌లో మీ కొట్టు పేరు కొట్టి చూడండి. చాలాసార్లు ఎవరో ఒకరు ఎప్పుడో చేర్చేసి ఉంటారు. ఉంటే దాన్నే మీ పేరు మీదికి తెచ్చుకోవాలి. రెండోది సృష్టిస్తే రివ్యూలు చెరోవైపు చీలిపోతాయి. మీరే ఓనరని నిరూపించడానికి ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. ఆపకుండా, ఎడిటింగ్ లేకుండా ఒకే వీడియో తీయాలి. వీధి, పక్క కొట్ల బోర్డులు చూపించి, మీ బోర్డు మీదికి వచ్చి, తాళం తీసి షట్టర్ ఎత్తి, లోపల సరుకు, బిల్లు పుస్తకం చూపించండి. మేం మొదటిసారి లోపలి భాగం ఒక్కటే తీసి పంపితే ఒప్పుకోలేదు. రెండోసారి షట్టర్ ఎత్తడంతో మొదలుపెట్టాం, అయిపోయింది.

పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే పెట్టండి. "బెస్ట్ బ్లౌజెస్ ఇన్ వైజాగ్" లాంటి తోకలు తగిలిస్తే గూగుల్ నిబంధనలకి విరుద్ధం, ప్రొఫైల్ ఆపేసే ప్రమాదం ఉంది. కేటగిరీ మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. టైలర్, బొటిక్, బట్టల షాపు, ఈ మూడూ వేర్వేరు వెతుకులాటల్లో కనిపిస్తాయి. ప్రధానంగా దేని మీద డబ్బు వస్తుందో అది మొదట, మిగతావి తర్వాత. ఇంట్లోనే కేకులు, పచ్చళ్లు చేసి అమ్మేవాళ్లు ఇంటి చిరునామా దాచి, డెలివరీ చేసే ప్రాంతాలు మాత్రమే ఇవ్వొచ్చు. ఆడవాళ్లు ఒంటరిగా నడుపుకునే వ్యాపారమైతే తప్పకుండా అలాగే చేయండి.

ఇక పిన్, అంటే మ్యాప్‌లో మీ కొట్టు చోటు చూపించే గుర్తు. వదిన కొట్టు పిన్ రెండు సందుల అవతల, ఒక ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడి ఉండేది. రోజుకి ఇద్దరు ముగ్గురు అక్కడ నిలబడి ఫోన్ చేసేవారు. "అండీ, ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరున్నాను, షాపేదండీ?" వదిన మగ్గం మీంచి చేయి తీసి దారి చెప్పేది. ఫోన్ చేసినవాళ్లు సరే, చేయకుండా వెనక్కి తిరిగి వెళ్లినవాళ్లు ఎంతమందో మాకు ఎప్పటికీ తెలియదు. నేను కొట్టు గుమ్మంలో నిలబడి, పిన్ తెచ్చి సరిగ్గా ఆ గుమ్మం మీద పెట్టాను. మర్నాటి నుంచి ఆ ఫోన్లు తగ్గిపోయాయి. మీరూ మీ పిన్‌ని ఇవాళే జూమ్ చేసి చూసుకోండి.

ఫొటోల్లో మొదట కావలసింది రోడ్డు మీంచి కొట్టు ఎలా కనిపిస్తుందో చూపించేది. రెండు వైపుల నుంచీ తీయండి, ఎందుకంటే బండి ఎటువైపు నుంచైనా వస్తుంది. పక్కన ఉన్న గుడో, మెడికల్ షాపో ఫ్రేములో పడితే ఇంకా మంచిది, మనవాళ్లు దారి గుర్తుపెట్టుకునేది వాటితోనే కదా. పని వేళలు నిజమైనవి పెట్టండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టర్ దించే అలవాటుంటే అదీ పెట్టండి. పండగ సెలవులు ముందే మార్చండి. ఎండలో వచ్చి మూసిన తలుపు చూసినవాళ్లు మళ్లీ రారు.

రివ్యూల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. వస్తువు చేతికిచ్చి, కస్టమర్ ముఖంలో సంతోషం కనిపించిన క్షణంలోనే అడగాలి. "అమ్మా, మీకు నచ్చితే గూగుల్‌లో రెండు ముక్కలు రాయండి, మాలాంటివాళ్లకి అదే పెద్ద సాయం" అని వదిన అడుగుతుంది. ప్రొఫైల్‌లో రివ్యూ లింకు దొరుకుతుంది, దాని క్యూఆర్ ప్రింటు తీసి గల్లా దగ్గర అంటించాం. రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని మాత్రం పెట్టకండి, గూగుల్ ఒప్పుకోదు. చుట్టాల చేత అయిదేసి స్టార్లు వేయించడం కూడా వద్దు. ఒకే రోజున పది రివ్యూలు పడి, అన్నింట్లో "సూపర్" అని ఉంటే చదివేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

చెడ్డ రివ్యూ వస్తే టెన్షన్ పడి వెంటనే జవాబివ్వకండి. ఒక పూట ఆగండి. వదినకి ఒకసారి ఒక స్టార్ పడింది: పెళ్లికి ముందు రోజు ఇస్తామన్న బ్లౌజు ఇవ్వలేదు, వేరేది వేసుకోవాల్సి వచ్చింది అని. అది నిజమే. మేం రాసిన జవాబు ఇది: "మీరు చెప్పింది నిజమండీ. గురువారం ఇస్తామని చెప్పి శనివారం ఇచ్చాం. ఆలస్యమవుతోందని ముందే ఫోన్ చేసి చెప్పాల్సింది, చెప్పలేదు. క్షమించండి. ఇకనుంచి పెళ్లి బ్లౌజులు ముహూర్తానికి నాలుగు రోజుల ముందే సిద్ధం చేస్తున్నాం." ఆవిడ స్టార్ మార్చలేదు. కానీ తర్వాత వచ్చిన ఒక పెళ్లివారు ఆ జవాబు చదివే వచ్చామని చెప్పారు. అలా రాశాక నాలుగు రోజుల మాట నిలబెట్టుకోక తప్పదు, అదీ కొట్టుకి మేలే చేసింది.

3. వాట్సాప్ బిజినెస్

మామూలు వాట్సాప్‌లో వ్యాపారం చేస్తుంటే ఇవాళే మారండి. యాప్ ఉచితం. ఒక నంబరు రెండింటిలో ఏదో ఒకదాంట్లోనే ఉంటుంది కాబట్టి కొట్టుకి వేరే సిమ్ తీసుకోవడం మేలు. ల్యాండ్‌లైన్ నంబరుతో కూడా పెట్టుకోవచ్చు, కోడ్ కాల్ ద్వారా చెబుతారు.

ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేది క్విక్ రిప్లైలు, అంటే ముందే రాసిపెట్టుకునే జవాబులు. కస్టమర్లు అడిగేవి తిప్పి తిప్పి అవే నాలుగు: ఎంత, ఎన్ని రోజులు, ఎక్కడ, ఎప్పటిదాకా ఉంటారు. మా దగ్గర జవాబు ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. అస్తరు వేసిన బ్లౌజు 450, మగ్గం వర్క్ 1,800 నుంచి మొదలు, డిజైన్‌ని బట్టి పెరుగుతుంది. కుట్టడానికి 5 రోజులు, మగ్గానికి 12 రోజులు. వచ్చేటప్పుడు ఆది బ్లౌజు తెచ్చుకోండి. ఉదయం పదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాం, ఆదివారం సెలవు. దారి ఇదిగోండి." దాని కింద మ్యాప్ లింకు.

చాటింగ్‌లో ఏటవాలు గీత గుర్తు (/) కొట్టి ఒక పదం టైప్ చేస్తే ఇదంతా వచ్చేస్తుంది. సూది చేతిలో ఉన్నా పది సెకన్ల పని.

ధర దాచకండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అనే అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. మన ఊళ్లో మధ్యతరగతి ఇల్లాలు ధర తెలియని చోట అడగడానికి మొహమాటపడుతుంది, అడగకుండానే వెళ్లిపోతుంది. "ఇంత నుంచి మొదలు" అని చెబితే, రాగలిగినవాళ్లు ధైర్యంగా వస్తారు.

కేటలాగ్‌లో 500 దాకా వస్తువులు పెట్టొచ్చు కానీ ఇరవైతో మొదలుపెట్టండి. ఒక్కోదానికి ఒక మంచి ఫొటో, ధర, ఎన్ని రోజులు పడుతుందో ఒక ముక్క. లేబుళ్లు కూడా వాడండి: "అడ్వాన్స్ ఇచ్చారు", "కొలతలు రావాలి", "రెడీ". పండగ సీజన్‌లో ఎవరి బ్లౌజు ఏ దశలో ఉందో వెతుక్కునే బాధ పోతుంది.

బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ని చాలామందికి విడివిడిగా ఒకేసారి పంపడం, ఒక్కో జాబితాలో 256 మందికి పంపొచ్చు, కానీ మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే వాళ్లకి చేరుతుంది. అందుకే బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కొత్త డిజైన్లు పంపిస్తాం" అని చెప్పాలి. నెలకి రెండు మెసేజ్‌లు చాలు. అడగకుండా ఎవరినీ గ్రూపులో చేర్చకండి. స్టేటస్ మాత్రం రోజూ పెట్టుకోండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు, చూడాలనుకున్నవాళ్లే చూస్తారు. టిఫిన్ సెంటర్, కర్రీ పాయింట్ వాళ్లకి స్టేటస్‌ని మించింది లేదు. పదకొండు గంటలకి "ఇవాళ గుత్తివంకాయ, పప్పుచారు, రొయ్యల వేపుడు" అని ఫొటో పెడితే పన్నెండున్నరకల్లా ఆర్డర్లు వస్తాయి.

4. ఇన్‌స్టాగ్రామా, ఫేస్‌బుక్కా

రెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. బొటిక్, బేకరీ, మెహందీ, కేఫ్, ఫొటోగ్రఫీ లాంటి కంటికి నచ్చే పనులకి ఇన్‌స్టాగ్రామ్. హార్డ్‌వేర్, ఏసీ రిపేర్, ట్యూషన్, సీనియర్ సిటిజన్లకి సంబంధించిన సేవలైతే ఫేస్‌బుక్, ముఖ్యంగా కాలనీ గ్రూపులు. మధురవాడ, పీఎం పాలెం వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో అసలు వ్యాపారమంతా రెసిడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లోనే నడుస్తుంది. అక్కడ మీరు చెప్పుకోవడం కన్నా, ఆ అపార్ట్‌మెంట్‌లో ఉండే మీ కస్టమర్ ఒక మాట చెబితే పదిరెట్లు పనిచేస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకోండి, అప్పుడే ఎవరు చూస్తున్నారో లెక్కలు కనిపిస్తాయి. పేరు రాసే చోట కొట్టు పేరు పక్కనే పని, పేట రెండూ రాయండి: "మగ్గం వర్క్, అక్కయ్యపాలెం". వెతికేవాళ్లకి ఆ పదాలతోనే కనిపిస్తారు. బయోకి 150 అక్షరాలే చోటు. అందులో కొటేషన్లు వద్దు: ఏం చేస్తారు, ఎక్కడ, వేళలు, వాట్సాప్ లింకు. తినే వస్తువులు అమ్మేవాళ్లు తమ 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు హైలైట్‌లో, అంటే ప్రొఫైల్ మీద ఎప్పుడూ కనిపించేలా దాచుకునే స్టోరీలో పెట్టండి, నమ్మకం కుదురుతుంది. ప్రతి పోస్టుకీ లొకేషన్ పెట్టడం మర్చిపోకండి.

5. ఏం తీయాలి, ఎలా తీయాలి

ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ముందు లెన్స్ తుడవండి. మన ఊరి ఉప్పుగాలికి, చేతి నూనెకి లెన్స్ మీద పొర కడుతుంది, ఫొటో మసకగా రావడానికి సగం కారణం అదే. కాటన్ గుడ్డ ఒకటి గల్లా దగ్గర ఉంచుకోండి.

రెండోది వెలుగు. వదిన మొదట్లో ట్యూబ్‌లైట్ కింద తీసేది. ఎర్ర పట్టు మెరూన్‌లా, రామా గ్రీన్ నీలంలా పడేవి. "ఫొటోలో రంగు వేరేగా ఉందండీ" అని ఇద్దరు ఆర్డర్ వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు గుమ్మం పక్కన తెల్ల దుప్పటి పరిచి, ఉదయం పదిన్నర, పదకొండు మధ్య, నీడపట్టున, పగటి వెలుగులో తీస్తుంది. లోపలి ట్యూబ్‌లైట్ ఆపేస్తుంది, ఎందుకంటే రెండు రకాల వెలుగు కలిస్తే రంగు ఇంకా తప్పుతుంది. చీర అంచు బ్లౌజు పక్కనే పెడుతుంది, మ్యాచింగ్ కనిపించడానికి. జర్దోసి మెరవాలంటే పైనుంచి కాకుండా పక్కనుంచి కాస్త వంచి తీయాలి.

రీల్ ఎలా కూర్చాలో మా పద్ధతి చెబుతాను. ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. మొదటి రెండు సెకన్లలో పూర్తయిన బ్లౌజు వెనకవైపు చూపిస్తాం. ఆ తర్వాత మగ్గం మీద బిగించిన బట్ట, సూది పైకీ కిందకీ ఆడడం, ఒక్కో పూస కూర్చోవడం. చేతుల్ని దగ్గరగా చూపించే ఈ ముక్కే జనం చివరిదాకా చూసేది. ఆఖరున ధర, ఎన్ని రోజులు పట్టింది, కొట్టు ఎక్కడ. మొత్తం ఇరవై, ముప్పై సెకన్లు. మాటలు మీవే ఉండాలి. "ఈ హంస డిజైన్‌కి మా వర్కర్‌కి నాలుగు రోజులు పట్టిందండీ, మొత్తం చేతి పనే" అని వదిన తన గొంతుతోనే చెబుతుంది. యాస గురించి బెరుకు వద్దు. మన ఉత్తరాంధ్ర మాట వినగానే ఇక్కడివాళ్లకి "మన ఊరావిడే" అనిపిస్తుంది, మీకు కావలసింది వాళ్లే. చెప్పిన మాటలు తెలుగు అక్షరాల్లో తెర మీద కూడా వేయండి, బస్సులో, ఆఫీసులో చాలామంది సౌండ్ ఆపి చూస్తారు.

సినిమా పాటల జోలికి వెళ్లకండి. బిజినెస్ ఖాతాలకి పాటల లైబ్రరీ పరిమితంగానే ఇస్తారు, బయటి నుంచి తెచ్చి కలిపితే కాపీరైట్ కింద సౌండ్ తీసేయొచ్చు. మీ గొంతు, మగ్గం చప్పుడు, పెనం మీద దోశ చర్రుమనడం, ఇవి చాలు.

ఏం పెట్టాలో తోచకపోతే ఆ రోజు కస్టమర్ అడిగిన ప్రశ్న గుర్తు తెచ్చుకోండి. "మగ్గం వర్క్ బ్లౌజు ఇంట్లో ఉతకొచ్చా?" ఇదొక రీల్. "పాత పట్టుచీర అంచుతో బ్లౌజు కుడతారా?" ఇంకొకటి. కస్టమర్ ఫొటో పెట్టాలంటే ముందు అడగండి, పిల్లల ఫొటోలైతే తల్లిదండ్రులు సరేనన్నా ఒకసారి ఆలోచించండి.

వారానికి మూడు పోస్టులు చాలు. బేరాలు తక్కువుండే ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ వారానికి సరిపడా తీసిపెట్టుకోండి.

6. మన ఊరి క్యాలెండర్

గోడ మీద తెలుగు క్యాలెండర్ దించి పక్కన పెట్టుకోండి. పండగ రోజున శుభాకాంక్షల పోస్టర్ పెడితే బేరం రాదు. పని మొదలుకావలసింది పండగకి నెల ముందు.

శ్రావణ శుక్రవారాలకి, వరలక్ష్మీ వ్రతానికి బ్లౌజులు కావాలంటే ఆషాఢంలోనే ఆర్డర్లు తీసుకోవాలి. ఆషాఢం బేరాల్లేని నెల అని దిగులుపడకుండా "వ్రతానికి బ్లౌజులు ఇప్పుడే ఇవ్వండి, చివర్లో రద్దీ" అని చెప్పాల్సిన నెల అది. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ ఉంటుంది, 32 కిలోమీటర్లు. హనుమంతవాక, అప్పుఘర్, ఎన్ఏడీ, గోపాలపట్నం దారిలో కొట్టున్నవాళ్లు ఆ రాత్రి తెరిచి ఉంటారా, తాగునీళ్లు, కూర్చోవడానికి చోటు ఇస్తారా అన్నది ముందురోజే పెట్టండి. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వచ్చే జనంతో వన్‌టౌన్ కిక్కిరిసిపోతుంది. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల కొట్లవాళ్లు ఆ నెలంతా వేళలు, పార్కింగ్ సంగతి మ్యాప్‌లోనూ స్టేటస్‌లోనూ సరిచేసుకోవాలి. కార్తీకంలో వనభోజనాలు, కేటరింగ్ వాళ్ల సీజన్. జూన్ రెండో వారానికి బడులు తెరుస్తారు, యూనిఫాం, బ్యాగులు, పుస్తకాలవాళ్లు మే మధ్యలోనే మొదలుపెట్టాలి. మూఢం ఎప్పుడొస్తుందో చూసుకుని పెళ్లిళ్ల యాడ్‌లకి అప్పుడు డబ్బు తగలేయకండి. ఫ్యాక్టరీ, పోర్టు, డాక్‌యార్డు ఉద్యోగులు ఎక్కువగా వచ్చే గాజువాక, మల్కాపురం కొట్లకి నెల మొదటి వారమే ముఖ్యం.

తుఫాను రోజుల్లో అమ్మకాల పోస్టులు పెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేక ఊరు ఎలా అల్లాడిందో చూసినవాళ్లం. అలాంటప్పుడు "తెరిచే ఉన్నాం, పాలు, కొవ్వొత్తులు ఉన్నాయి, ధర మామూలుదే" అన్న ఒక్క స్టేటస్ వీధికంతటికీ అక్కరకొస్తుంది.

7. డబ్బు పెట్టి యాడ్ ఎప్పుడు ఇవ్వాలి

మ్యాప్, వాట్సాప్, కనీసం పదిహేను మంచి పోస్టులు సిద్ధమయ్యాకే. ఖాళీ పేజీకి జనాన్ని తోలితే చూసి వెళ్లిపోతారు.

బాగా నడిచిన పోస్టు ఒకటి ఎంచుకోండి. మెటా యాడ్స్‌లో (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు ఇచ్చే చోటు) వాట్సాప్ మెసేజ్‌లు రావడం లక్ష్యంగా పెట్టండి, లైకులు కాదు. ప్రాంతం దగ్గర "విశాఖపట్నం" అని వదిలేయకుండా, మీ కొట్టు మీద పిన్ పెట్టి చుట్టూ నాలుగైదు కిలోమీటర్లు ఇవ్వండి. ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. బీచ్ రోడ్డు పక్క కొట్టు మీద పిన్ పెడితే ఆ వృత్తంలో సగం సముద్రమే. పిన్‌ని కాస్త ఊరివైపు జరిపి, మీ జనం ఉండే పేటలు లోపలికి వచ్చేలా చూసుకోండి.

రోజుకి 200 చొప్పున అయిదు రోజులు నడపండి. వెయ్యి, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,180. ఇప్పుడు నోట్‌బుక్‌లో లెక్క వేయండి. ఉదాహరణకి ముప్పైమంది మెసేజ్ చేసి, ఆరుగురు కొట్టుకి వచ్చి, ఒక్కొక్కరి మీద ఖర్చులు పోను 300 మిగిలితే 1,800 వచ్చినట్టు. యాడ్ ఖర్చు తీసేసినా 620 మిగిలింది, ఆ ఆరుగురిలో ఇద్దరు మళ్లీ వస్తారు కూడా. అదే ముగ్గురే వస్తే నష్టం, ఫొటో మార్చో ప్రాంతం మార్చో మళ్లీ చూడండి. రెండుసార్లు మార్చినా తేలకపోతే ఆపేయండి. యాడ్ నడిచే రోజుల్లో మెసేజ్‌కి పావుగంటలో జవాబివ్వలేకపోతే అసలు మొదలుపెట్టకండి.

8. ఫుడ్ పేజీలు, ఇన్‌ఫ్లుయెన్సర్లు

డబ్బు ఇచ్చేముందు వాళ్ల ఇన్‌సైట్స్‌లో, అంటే ఖాతా లెక్కల్లో ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో చూపించమనండి. సగానికి పైగా విశాఖ వాళ్లు లేకపోతే వద్దు. డబ్బు తీసుకుని, లేదా ఊరికే వస్తువు తీసుకుని పోస్టు పెడితే అది ప్రకటన అని చెప్పి తీరాలి. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో మార్గదర్శకాలు ఇచ్చాయి. "పెయిడ్" అని పెడితే జనం చూడరనే భయం వద్దు, దాస్తేనే పోతుంది పరువు.

ఇంకో జాగ్రత్త. నాకు తెలిసిన ఒక టిఫిన్ బండి గురించి ఒక వీడియో బాగా తిరిగింది. ఆదివారం ఉదయం రోజూకన్నా మూడింతల జనం వచ్చారు. ఉన్నది ఒకే పెనం, ఇద్దరు మనుషులు. ఎనిమిదిన్నరకే చట్నీ అయిపోయింది. కొత్తవాళ్లు చిరాకుపడి చెడ్డ రివ్యూలు రాశారు, రోజూ వచ్చే పాతవాళ్లు పక్క బండికి వెళ్లారు. వీడియో ఎప్పుడు వస్తుందో ముందే కనుక్కుని, వారం మధ్యలో రోజు అడగండి, ఆ రోజుకి అదనంగా ఒక మనిషిని పెట్టుకోండి.

9. తాళాలు మీ దగ్గరే ఉండాలి

ఒక కొట్టాయన తన పేజీ మొత్తం ఒకరికి అప్పగించారు. వాళ్లు తమ ఈమెయిల్‌తో తెరిచారు. ఏడాది తర్వాత డబ్బు దగ్గర తేడా వచ్చింది, పేజీ, అందులోని రివ్యూలు, ఫొటోలు అన్నీ వాళ్ల చేతిలోనే ఉండిపోయాయి. ఖాతాలన్నీ మీ ఈమెయిల్, మీ నంబరుతోనే తెరవండి. పని చేసేవాళ్లకి పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, మేనేజర్‌గా యాక్సెస్ ఇవ్వొచ్చు, అవసరం తీరాక తీసేయొచ్చు.

అన్నింటికీ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో మూసేస్తాం, ఇక్కడ నొక్కండి" అని వచ్చే మెసేజ్‌లు నమ్మకండి. పెద్ద ఆర్డర్ ఇస్తామని, అడ్వాన్స్ పంపుతున్నామని క్యూఆర్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి స్కాన్ చేయనక్కర్లేదు, యూపీఐ పిన్ కొట్టనక్కర్లేదు. పేమెంట్ స్క్రీన్‌షాట్ చూసి వస్తువు ఇవ్వకండి, మీ బ్యాంకు యాప్‌లో పడిందో లేదో చూడండి. పొరపాటున మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

10. రోజుకి ఎంతసేపు

ఉదయం షట్టర్ ఎత్తాక పది నిమిషాలు: రాత్రి వచ్చిన మెసేజ్‌లకి జవాబులు, స్టేటస్. మధ్యాహ్నం పది నిమిషాలు: ఆ రోజు పోస్టు, కామెంట్లు. రాత్రి గల్లా లెక్క చూసుకునేటప్పుడు నోట్‌బుక్‌లో ఒక గీత: ఇవాళ వచ్చిన కొత్తవాళ్లు ఎందరు, ఎలా తెలిసిందన్నారు. మ్యాప్, ఇన్‌స్టా లేదా ఫేస్‌బుక్, వాట్సాప్, తెలిసినవాళ్లు చెప్పారు, దారిలో బోర్డు చూశారు, ఈ అయిదు గళ్లు చాలు. మూడు నెలలు ఆ గళ్లు నింపాక ఏ గడి ఖాళీగా ఉందో ఆ పని మానేయండి. మేం అలాగే ఫేస్‌బుక్ మానేశాం, ఆ సమయాన్ని మ్యాప్ ఫొటోలకి పెట్టాం.

ఇవాళ రాత్రికి ఒక్క పని చేయండి. మీ కొట్టు ఎక్కడో తెలియని బంధువుకో స్నేహితుడికో ఫోన్ చేసి, ఎవరినీ దారి అడగకుండా మ్యాప్ ఒక్కటే చూసుకుంటూ రమ్మనండి. వాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి తిరిగారో, గుమ్మంలోకి వచ్చాక మొదట ఏం అడిగారో రాసుకోండి. రేపు పొద్దున సరిచేయాల్సినవి అవే.